పడమటి బాల్కనీ తలుపు: కర్టెన్ మూసినా హాలు ఎందుకు వేడెక్కిపోయింది

ఇంటివాళ్ల వివరాలు, అపార్ట్‌మెంట్ ఆనవాళ్లు తీసేశాం. కొలతలు, దిక్కులు, జరిగిన వరుస మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం. ఇందులో కర్టెన్లు, బ్లైండ్లు బిగించే మా పొరపాటు కూడా ఉంది. ఈ కేసు రాసిపెట్టడానికి సగం కారణం అదే.

ఇల్లు, తలుపు

హైదరాబాద్‌లో ఒక టవర్, పదకొండో అంతస్తు. హాలు నేరుగా పడమటికి తెరుచుకుంటుంది. ఎదురుగా ఇంకో టవర్ లేదు, చెట్టు నీడ అంత ఎత్తుకు రాదు. హాలుకీ బాల్కనీకీ మధ్య 9 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న యూపీవీసీ స్లైడింగ్ తలుపు. మూడు ట్రాకులు, రెండు గాజు రెక్కలు, ఒక దోమల మెష్ రెక్క. గాజు 6 ఎంఎం టఫెన్డ్ (వేడితో గట్టిపరిచినది), రంగు లేనిది, ఒకే పొర.

బాల్కనీ పొడవు 14 అడుగులు, లోతు 5. అంచు బీమ్ అడుగుభాగం నేల నుంచి 9 అడుగుల ఎత్తులో ఉంది. ఇనుప చువ్వల రెయిలింగ్ మూడున్నర అడుగులు. ఉత్తరపు గోడ నుంచి 2 అడుగులు వదిలి తలుపు మొదలవుతుంది. తలుపు అయిపోయాక దక్షిణం వైపు మిగిలే 3 అడుగుల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కూర్చుని ఉంది. ఈ చివరి సంగతి మొదటిసారి వెళ్లినప్పుడు నోట్ కూడా చేసుకోలేదు. తర్వాత కథంతా దాని చుట్టూనే తిరిగింది.

ఇంట్లో భార్యాభర్తలు, మూడేళ్ల బాబు, డెబ్బై దాటిన అత్తగారు. హాల్లో 1.5 టన్ను ఏసీ. ముదురు మెరూన్ రంగు బ్లాకవుట్ (వెలుగు చొరని) కర్టెన్లు రాడ్ మీద వేలాడుతున్నాయి.

ఫిర్యాదు

"నాలుగు దాటితే ఏసీ వేసినా హాలు చల్లబడదు. అత్తమ్మ తన కుర్చీ బెడ్‌రూమ్‌లోకి జరిపించేసుకుంది." టీవీ మీద వెలుగు పడటం, సోఫా గుడ్డ ఒక పక్కే వెలిసిపోవడం, రాత్రి తొమ్మిదికి కూడా తలుపు దగ్గర టైల్స్ కాలికి వెచ్చగా తగలడం దానికి తోడు. ఏసీ మెకానిక్ 2 టన్నులది పెట్టమన్నాడట. వాళ్లు మమ్మల్ని అడిగింది మాత్రం ఒక్కటే: "చుక్క వెలుగు కూడా రాని బ్లైండ్ కావాలి."

ఇక్కడే రెండు సమస్యలు ఒకటిగా కలిసిపోయాయి. వెలుగును ఆపడం వేరు, వేడిని ఆపడం వేరు. మూసిన కర్టెన్ వెనక గది చీకటిగా ఉన్నంత మాత్రాన ఎండ బయట ఆగినట్టు కాదు. అది గాజు దాటి లోపలికి వచ్చేసింది, గుడ్డ మీద పడి ఆగింది. గుడ్డ పీల్చుకున్న వేడి ఇక గదిదే. గాజు ఎండను లోపలికి పోనిస్తుంది గానీ, వేడెక్కిన గుడ్డ నుంచి వచ్చే వేడిని తిరిగి బయటికి పోనివ్వదు.

లెక్క వేస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. మే నెల సాయంత్రం పడమటి గోడ మీద నేరుగా పడే ఎండ చదరపు మీటరుకు సుమారు 500 నుంచి 600 వాట్లు. ఫ్రేము పోను ఈ తలుపులో గాజు దాదాపు 6 చదరపు మీటర్లు. రంగు లేని గాజు అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. గాజంతా ఎండలో ఉన్నప్పుడు లోపలికి వచ్చేది రెండున్నర కిలోవాట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ లాగే వేడి 3.5 కిలోవాట్లు. అంటే వాళ్ల 1.5 టన్ను ఏసీ శక్తిలో సగం ఈ ఒక్క తలుపుకే ఖర్చవుతోంది. ఏసీ పెద్దది చేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది, కుర్చీలో కూర్చున్న మనిషి ఒంటికి తగిలే వేడి మాత్రం అలాగే ఉంటుంది.

ఈ లెక్క మేం వేసింది రెండో విడతలో. మొదటి విడతలో వేయలేదు.

మొదటి ప్రయత్నం: లోపల రోలర్ బ్లైండ్

మొదట ఇంటికి వెళ్లింది ఫిబ్రవరిలో, పొద్దున 11 గంటలకు. అప్పటికి ఆ బాల్కనీలో ఎండే లేదు. అడిగింది చీకటి కాబట్టి చీకటి ఇచ్చాం: 9 అడుగుల 6 అంగుళాల వెడల్పున్న ఒకే బ్లాకవుట్ రోలర్ బ్లైండ్ (ట్యూబ్‌కు చుట్టుకునే గుడ్డ తెర), 38 ఎంఎం ట్యూబ్ మీద, ఫాల్స్ సీలింగ్ కింద. రెండు వైపులా ఒకే బూడిద రంగు గుడ్డ. గుడ్డ రోల్ 3 మీటర్ల వెడల్పులో దొరుకుతుంది కాబట్టి ఒకే ముక్కలో వచ్చింది. అతుకు లేదని ఇంటివాళ్లూ సంతోషించారు.

ఏప్రిల్లో ఫోన్ వచ్చింది. ఈసారి సాయంత్రం ఐదుకు వెళ్లాం. చెడినవి ఒకటి కాదు.

అంత వెడల్పుకు 38 ఎంఎం ట్యూబ్ నడుము వంగుతుంది. మధ్యలో కొద్ది మిల్లీమీటర్లు దిగినా చాలు, గుడ్డ మీద వి ఆకారంలో ముడతలు పడతాయి, చుట్టుకునేటప్పుడు ఒక పక్కకు జరిగి అంచు బ్రాకెట్‌కు రాసుకుంటుంది. ఇక్కడ కుడి అంచు అప్పటికే పోగులు లేస్తోంది. 8 అడుగులు దాటితే కనీసం 45 ఎంఎం ట్యూబ్ వేయాలి, లేదా రెండు బ్లైండ్లుగా విడగొట్టాలి.

గుడ్డ ట్యూబ్ వెనక నుంచి, అంటే గాజు వైపు నుంచి దిగేలా బిగించాం. కిటికీకి అది సరైనదే. స్లైడింగ్ తలుపుకు హ్యాండిల్ లోపలికి పొడుచుకుని ఉంటుంది. రెక్క జరిపినప్పుడల్లా హ్యాండిల్ గుడ్డను తోసుకుంటూ పోయింది. ట్యూబ్ ముందు నుంచి దిగేలా తిప్పి వేస్తే రెండంగుళాల ఖాళీ దొరికేది.

బాల్కనీలోకి వెళ్లాలంటే 9 అడుగుల గుడ్డ మొత్తం పైకి చుట్టాలి. బట్టలారేయడానికి రోజుకు నాలుగుసార్లు వెళ్లే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? వారం తిరిగేసరికి బ్లైండ్ ఎప్పుడూ సగానికి ఎత్తే ఉంటోంది, ఎండ ఆ సగంలోంచే వస్తోంది. గొలుసు బాబు చేతికి అందే ఎత్తులో వేలాడటం ఇంకో తప్పు. మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి గొలుసును గోడకు బిగుతుగా పట్టి ఉంచే క్లిప్ తప్పనిసరి. ఆ రోజే బిగించాం.

ఇవన్నీ సరిదిద్దుకోదగ్గవే. అసలు సంగతి వేరే. ఆ సాయంత్రం 5:15కి బ్లైండ్ పూర్తిగా దించి, తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే గాజు 47 డిగ్రీలు, బ్లైండ్ గది వైపు 45. అరచెయ్యి అడుగు దూరంలో పెట్టినా సెగ తెలుస్తోంది. గోడ నిండా రేడియేటర్ తగిలించి, దానికి ఎదురుగా కుర్చీ వేసినట్టు. ముదురు గుడ్డ ఎంత మందంగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. లోపల వేసేదానికి మందం కన్నా గాజు వైపు రంగే ముఖ్యం. గాజుకు ఎదురుగా తెల్లటి కోటింగ్ ఉంటే ఎండలో కొంత భాగం మళ్లీ గాజులోంచి బయటికి పోతుంది. మెరూన్‌కూ బూడిదకూ ఆ అవకాశం లేదు.

పక్కన పెట్టినవి, కారణాలు

గాజుకు అంటించే సోలార్ ఫిల్మ్ గురించి ఇంటాయనే అడిగారు. టఫెన్డ్ గాజు కాబట్టి ఫిల్మ్ వేడికి పగిలే భయం పెద్దగా లేదు. మామూలు గాజు అయితే, అంచులు నీడలో, నడుమ ఎండలో ఉన్నప్పుడు చిట్లే ప్రమాదం ఉంటుంది. వద్దనడానికి కారణం ఇంకోటి. సాయంత్రం వీళ్లు తలుపు తీసి మెష్ వేసుకుంటారు. రెక్క జరిపితే ఫిల్మ్ కూడా దానితోపాటే పక్కకు పోతుంది. పైగా అద్దంలా మెరిసే ఫిల్మ్‌కు అసోసియేషన్ ఒప్పుకోదు, రాత్రి లైట్లు వేశాక దాని చాటు కూడా ఉండదు.

వర్టికల్ బ్లైండ్లు పక్కకు జరుగుతాయి కాబట్టి స్లైడింగ్ తలుపుకు స్వభావరీత్యా సరిపోతాయి. కానీ పదకొండో అంతస్తు గాలికి ఆ నాలుగంగుళాల పట్టీలు టపటపా కొట్టుకుంటాయి. కింద పట్టీలను కలిపే సన్న గొలుసు మూడేళ్ల పిల్లాడి చేతిలో నెల రోజులు కూడా నిలవదు. అన్నిటికీ మించి ఇవి కూడా గాజుకు ఇవతలే.

వెదురు చిక్ (వెదురు పుల్లల తెర) మాకు ఇష్టమైన వస్తువు. ఇదే ఇల్లు నేల అంతస్తులో ఉండుంటే ఈ కేసు ఇంత పొడుగు అయ్యేది కాదు, చిక్ కట్టి వచ్చేవాళ్లం. ఈ ఎత్తులో దాని బరువే దానికి శత్రువు: గాలి పట్టి ఊపితే తాళ్లు తెగుతాయి. వానకు తడిసి బూజు పడుతుంది.

మూడు రోజుల పరీక్ష

ఎండను గాజుకు అవతలే ఆపాలన్నది తేలింది. కానీ ఒకసారి తప్పు చేశాక, బాల్కనీ అంచున దించే ఖరీదైన స్క్రీన్ ఆర్డర్ ఇవ్వకముందు రుజువు కావాలి. 90 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్, నర్సరీలకు వాడేది, 14 అడుగుల పొడవు తెచ్చాం. పైన బట్టలారేసే రాడ్ల కొక్కేలకు, కింద రెయిలింగ్‌కు కేబుల్ టైలతో కట్టాం. మే నెల నడుమ, మూడు రోజులు.

రెండో రోజు అదే 5:15కి గాజు 39, బ్లైండ్ గది వైపు 36. రెండు రోజుల ఎండా ఒకేలా ఉండదు కాబట్టి అంకెలను మరీ నమ్మక్కర్లేదు, తేడాను నమ్మొచ్చు. అత్తగారి కుర్చీ మూడో రోజు హాల్లోకి తిరిగొచ్చింది.

అదే మూడో రోజు ఏసీ మొరాయించింది. నెట్ బాల్కనీ మొత్తం కప్పేసింది. అవుట్‌డోర్ యూనిట్ వదిలే వేడి గాలి నెట్‌కు తగిలి వెనక్కి తిరిగి, మళ్లీ అదే గాలిని యూనిట్ పీల్చుకుంటోంది. బాల్కనీలోకి అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. యూనిట్ ముందున్న 3 అడుగుల నెట్ విప్పేశాక అరగంటలో సర్దుకుంది. స్క్రీన్ వేసే ప్రతి బాల్కనీలోనూ ముందు చూడాల్సింది ఇదే.

మరి ఆ 3 అడుగులు ఖాళీగా వదిలేస్తే ఎండ లోపలికి రాదా?

ఎండకు కొలత తీయడం

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడుమ సాయంత్రపు సూర్యుడు సరిగ్గా పడమట ఉండడు, ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. మూడింటికి సుమారు 9 డిగ్రీలు, ఐదింటికి 14, ఆరింటికి 17. కిరణం ఉత్తరం వైపు నుంచి ఏటవాలుగా వస్తుంది. బాల్కనీ లోతు 5 అడుగులు కాబట్టి, తలుపు మీద ఒక చోట పడే కిరణం బాల్కనీ అంచును అంతకన్నా ముప్పావు అడుగు నుంచి అడుగున్నర దాకా ఉత్తరాన దాటి వస్తోంది. అంటే తలుపు ఉత్తరపు అంచు దాటి మరో అడుగున్నర స్క్రీన్ కావాలి. దక్షిణపు అంచు దాటి ఏమీ అక్కర్లేదు. యూనిట్ ఉన్నది దక్షిణాన. ఉత్తరపు గోడ నుంచి 11 అడుగులు కప్పి, మిగతా 3 వదిలేస్తే వేసవికి నష్టమే లేదు. అదృష్టం అనే అనాలి. యూనిట్ ఉత్తరాన ఉండుంటే దాన్ని వేరే చోటికి మార్చాల్సి వచ్చేది.

ఇక ఎత్తు. అదే మే నెలలో మూడింటికి సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 5 అడుగుల స్లాబ్ నీడ బీమ్ నుంచి 6 అడుగులు కిందికి దిగుతుంది, తలుపు మీద కింది 3 అడుగులకే ఎండ. నాలుగింటికి 36 డిగ్రీలు, కింది 5.4 అడుగులకు. ఐదింటికి 22 డిగ్రీలు, దాదాపు 7 అడుగులకు. ఫిర్యాదు "నాలుగు దాటితే" అని ఎందుకు మొదలైందో ఇక్కడ తెలిసిపోతుంది.

స్క్రీన్ నేల దాకా దిగాలా? అక్కర్లేదు. నాలుగింటి దాకా తలుపు మీద పడే ప్రతి కిరణమూ రెయిలింగ్ పైనుంచే వస్తుంది. ఐదింటికి రెయిలింగ్ చువ్వల సందులోంచి వచ్చే ఎండ తలుపు కింది ఒకటిన్నర అడుగు మీద పడుతుంది, ఆరింటికి పావు తక్కువ మూడు అడుగుల మీద. అప్పటికి అది నీరెండ. బీమ్ నుంచి రెయిలింగ్ దాకా ఐదున్నర అడుగుల గుడ్డ చాలు. గుడ్డ తగ్గితే గాలి పట్టూ తగ్గుతుంది.

బిగించింది

పీవీసీ పూత పాలిస్టర్ మెష్, 3 శాతం రంధ్రాలు, ముదురు బూడిద రంగు. ఇంటివాళ్లు తెలుపు అడిగారు: "ఇప్పుడే కదా ముదురు రంగు వేడెక్కుతుందన్నారు?" లోపల అది నిజం. బయట గుడ్డ వేడెక్కినా ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది, గదికి చేరదు. తెల్ల మెష్ మీద ఎండ పడితే మెష్ మొత్తం ట్యూబ్‌లైట్‌లా వెలిగి కళ్లు చెదురుతాయి, ఆకాశం కనిపించదు. ముదురు మెష్‌లోంచి పగటిపూట బయట స్పష్టంగా కనిపిస్తుంది. బయటికి బూడిద రంగే కనిపించాలన్నది అసోసియేషన్ షరతు కూడా. అనుమతి కాగితం మీద తీసుకున్నాకే డ్రిల్ బయటికి తీశాం.

11 అడుగులకు ఒకటే స్క్రీన్ వేసే తప్పు మళ్లీ చేయలేదు. రెండు ముక్కలు, 50 ఎంఎం ట్యూబులు. పక్కపక్కనే వేస్తే బ్రాకెట్ల మూలంగా నడుమ రెండు మూడు అంగుళాల సందు మిగిలి, సాయంత్రానికి హాలు గోడ మీద నిలువు గీతలా ఎండ పాకుతుంది. అందుకని ఒకదాన్ని 4 అంగుళాలు లోపలికి జరిపి, గుడ్డలు 3 అంగుళాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వేశాం. గొలుసు బదులు తిప్పుడు కడ్డీ. పని అయ్యాక దాన్ని తీసి పిల్లాడికి అందని చోట తగిలించొచ్చు. బట్టల రాడ్లు అడుగు లోపలికి జరపాల్సి వచ్చింది.

జిప్ ట్రాక్ స్క్రీన్ (గుడ్డ అంచులు పక్క పట్టాల్లో జిప్‌లా ఇరుక్కుని నడిచేది) అయితే గాలికి ఇంకా బాగా నిలిచేది. కానీ దానికి రెండు పక్కలా గట్టి ఆధారం కావాలి. ఇక్కడ ఉత్తరాన గోడ ఉంది, దక్షిణాన శూన్యం. కొత్త స్తంభం నిలబెడితే భవనం బయటి రూపు మారినట్టే. అందుకే స్క్రీన్ అంచులు ఊగకుండా నిలువునా పట్టి ఉంచే స్టీల్ వైర్ గైడ్లు ఎంచుకున్నాం. వైరు కింది కొసను బాల్కనీ నేలకు బిగించలేదు. టైలు తొలిస్తే వాటర్‌ప్రూఫింగ్ పోయి కింది ఫ్లాటు సీలింగ్ చెమ్మెక్కుతుంది. రెయిలింగ్ చువ్వలకు రబ్బరు వేసిన క్లాంపులు పెట్టాం.

బీమ్‌లో డ్రిల్ చేసే ముందు స్లాబులో బిగదీసిన ఉక్కు కేబుళ్లు ఉన్నాయా (పోస్ట్ టెన్షన్ స్లాబు అంటే అదే) అని మెయింటెనెన్స్ వాళ్లను అడిగి డ్రాయింగ్ చూడాలి. కొత్త టవర్లలో పోస్ట్ టెన్షన్ స్లాబులు మామూలైపోయాయి, ఆ కేబుల్‌కు బిట్ తగిలితే జరిగే నష్టం బ్లైండ్ ఖరీదుతో పోల్చదగింది కాదు. బిట్ మీద 40 ఎంఎం దగ్గర టేపు చుట్టి, అంతకు మించి దించలేదు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్. మామూలువి వేస్తే రెండు వానాకాలాలకే గోడ మీద తుప్పు చారలు.

లోపల రోలర్ బ్లైండ్ తీసి, వెడల్పు కోసి బెడ్‌రూమ్ కిటికీకి వాడాం. హాలుకు వెనక తెల్ల కోటింగ్ ఉన్న లేత గోధుమ రంగు కర్టెన్, సీలింగ్ ట్రాక్ మీద. రెండు రెక్కల స్లైడింగ్ తలుపు ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. కర్టెన్‌ను నడుమ చీల్చి రెండు పక్కలకు జరిపితే, ఒక పక్క కుప్ప సరిగ్గా నడిచే దారిలో నిలబడుతుంది. వీళ్లు తీసేది ఉత్తరపు సగం కాబట్టి కర్టెన్ మొత్తం దక్షిణానికే జరిగేలా పెట్టాం. కుప్ప గాజు మీద కాక గోడ మీద ఆగాలని ట్రాక్‌ను అటు అడుగున్నర, ఇటు అరడుగు పొడిగించాం. 11 అడుగుల ట్రాక్‌కు 54 అంగుళాల పన్నా గుడ్డ 5 ప్యానెళ్లు, అంటే రెండింతల కుచ్చు. తయారయ్యే పొడవు 8 అడుగుల 9 అంగుళాలు, పై మడతకూ కింది మడతకూ 10 అంగుళాలు. మొత్తం 15 మీటర్లు. ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డు స్క్రూను పట్టుకోదు కాబట్టి ప్రతి 20 అంగుళాలకు ఒక బ్రాకెట్, దాని పైన లోపల ప్లైవుడ్ పట్టీ.

తర్వాత

జూన్ మొదట్లో ఒక గాలివాన. స్క్రీన్లు దించి వదిలేసి ఇంటిల్లిపాదీ బయటికి వెళ్లారు. వచ్చేసరికి ఒక క్లాంపు చువ్వ మీద పైకి జారింది, వైరు వదులైంది, కింది బరువు కడ్డీ రాత్రంతా రెయిలింగ్‌ను బాదింది. సొట్టలు పడ్డాయి, గుడ్డ చిరగలేదు. ఒక బోల్టు క్లాంపులు తీసి రెండు బోల్టులవి వేశాం, వైరు చివర స్ప్రింగు కలిపాం. బయటికి వెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేసినట్టే స్క్రీన్ ఎత్తెయ్యాలని చెప్పాం. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. మెష్‌ను తడిగా చుట్టకూడదు, మచ్చలు పడతాయి. వాన తర్వాత దించి, ఆరాక ఎత్తాలి.

ఏసీ మార్చలేదు. సాయంత్రం 26 డిగ్రీల దగ్గర పెడితే హాలు నిలబడుతోందని ఆ వేసవి చివర చెప్పారు.

డిసెంబరులో వైరు బిగువు చూడటానికి వెళ్లినప్పుడు ఒక తేడా కనిపించింది. చలికాలంలో సూర్యుడు పడమటికి చాలా దక్షిణంగా దిగుతాడు. నాలుగింటికి సుమారు 34 డిగ్రీలు. యూనిట్ కోసం వదిలిన 3 అడుగుల ఖాళీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి తలుపు దక్షిణపు కొసన పడుతోంది. దానికో చిన్న స్క్రీన్ వేద్దామా అని అడిగాం. అత్తగారి కుర్చీ అప్పటికే ఆ ఎండలో ఉంది. వద్దన్నారు.